పాప స్వారీ కోసం ఏకెన్‌కు మారిపోదామా?

అక్కా, మాది నెల్లూరు దగ్గర పల్లెటూరు. పదేళ్లుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. మావారిది హెచ్1బి వీసా. గ్రీన్ కార్డుకోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది, గ్రీన్ కార్డు ఎప్పటికో తెలీదు. ఇప్పుడాయన ఇంటినుంచే పని చేస్తున్నారు. నాకు ఈఏడీ (పనిచేసే అనుమతి) ఉంది, దగ్గర్లోని ప్రీస్కూల్లో పనిచేస్తాను. మా పాపకు పదమూడేళ్లు. నాలుగేళ్లుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది, అదే దాని లోకం. దాని కోచ్ సౌత్ కరోలినాలోని ఏకెన్‌కు మకాం మారుస్తోంది. ఇక్కడి ఇల్లు అమ్మితే అక్కడ పదెకరాలు, ఇల్లు, గుర్రపు కొట్టం కూడా వచ్చేస్తాయని మావారు లెక్కగట్టారు. పాపకు సొంత గుర్రం కొందామని, ఖర్చు కలిసొచ్చేలా బయటివాళ్ల గుర్రాలు రెండు బోర్డింగ్‌కు, అంటే డబ్బు తీసుకుని సాకడానికి, పెట్టుకుందామని ఆయన ఆలోచన. ఫ్లోరిడాలోని ఒకాలా ఇంకా మంచిదని ఆయన స్నేహితుడంటున్నాడు. మా అత్తగారు ఏటా ఆరు నెలలు మా దగ్గరే ఉంటారు. మంచీ చెడూ చెప్పండి. పాప సంతోషమే నా సంతోషం.
— ఒక అమ్మ, ఎడిసన్

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏకెన్ దగ్గర అద్దె ఇంట్లో, రెండు గుర్రాలతో ఆరేళ్లు ఉన్నదాన్ని. ఆ ఊరంటే నాకు చాలా ఇష్టం. అందుకే ఆగి ఆలోచించుకుని రాస్తున్నాను. వెళ్లండి, కానీ ఇప్పుడే ఏమీ కొనకండి. ఎడిసన్ ఇల్లు అమ్మకండి, అద్దెకిచ్చి ఏకెన్‌లో ఒక ఏడాది అద్దెకుండండి. ఆ ఏడాదిలో పూర్తి ఎండాకాలం ఒకటి గడవాలి. అదైనా మీవారి వీసా కాగితాల సంగతి తేలాకే.

గుర్రాల గురించి అడిగితే వీసా ఎత్తిందేమిటనుకోకండి. హెచ్1బి మీదున్న మనిషి ఇంటినుంచి పనిచేస్తుంటే ఆ ఇల్లే పనిచేసే చోటు. ఎడిసన్ పరిధి దాటి వేరే ప్రాంతానికి మారితే, మారకముందే కంపెనీ సవరించిన పిటిషన్ వేయాలి. 2015 నుంచి ఈ విషయంలో సందేహానికి తావు లేదు. గ్రీన్ కార్డుకోసం కంపెనీ కార్మిక శాఖ దగ్గర చేయించిన లేబర్ సర్టిఫికేషన్ కూడా ఫలానా చోట ఉద్యోగమని రాసి తెచ్చుకున్నదే. చోటు మారితే దాన్ని మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. ప్రయారిటీ డేటు (గ్రీన్ కార్డు వరుసలో మీ చోటు) పోదు కానీ పనీ ఖర్చూ కంపెనీవి, వాళ్లు ఒప్పుకోవాలి. ‘మేనేజర్ సరే అన్నాడు’ అన్నంత మాత్రాన సరిపోదు, ఇమ్మిగ్రేషన్ లాయర్ రాతపూర్వకంగా చెప్పాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం ఇంకొకటి. రేపు ఆ ఉద్యోగం పోయిందనుకోండి. ఈ దేశంలో ఉండటానికి చేతిలో ఉండేది మహా అయితే అరవై రోజులు. ఎడిసన్‌లో ఉంటే అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు, చుట్టూ కంపెనీలూ తెలిసినవాళ్లూ ఉన్నారు. ఏకెన్ చుట్టుపక్కల చదువుకున్నవాళ్లకు పెద్ద ఆధారం సవానా రివర్ సైట్. అది ఇంధన శాఖ అణుకేంద్రం. అరగంట దూరంలోని ఆగస్టాలో సైన్యం సైబర్ కమాండ్ ఉంది. రెండుచోట్లా కంప్యూటర్ పనులు బోలెడు. కానీ చాలావాటికి పౌరసత్వం, సెక్యూరిటీ క్లియరెన్స్ అడుగుతారు. మీవారికి ఆ తలుపులు మూసి ఉన్నట్టే. అరవై రోజుల్లో పదెకరాలు అమ్మి, గుర్రానికి చోటు చూసి, పాప స్కూలు మార్చి ఇంకో ఊరికి వెళ్లడం మీరు ఊహించి చూడండి. గ్రీన్ కార్డు చేతికొచ్చినవాళ్లు ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు వేరేలా ఉండేది.

బోర్డింగ్ ఆలోచన సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. హెచ్1బి మీద మీవారు ఆ వ్యాపారం నడపకూడదు. పొద్దున్నే బయటివాళ్ల గుర్రానికి దాణా వేసి డబ్బు తీసుకున్నా అది పని కిందే లెక్క. ఈఏడీ ఉంది కాబట్టి మీరు చేయొచ్చు. అంటే కాగితం మీదా, చేతుల మీదా ఆ పని మీదే. ఇన్సూరెన్స్ కూడా మీ పేరనే తీసుకోవాలి. కొట్టాల ముందు ‘గుర్రాలతో సహజంగా వచ్చే ప్రమాదాలకు మాది బాధ్యత కాదు’ అనే బోర్డు చూస్తారు. దానికి అక్కడి చట్టం ఆసరా ఉన్నమాట నిజమే, కానీ కంచె విరిగినా గేటు తెరిచి వదిలేసినా ఆ బోర్డు మిమ్మల్ని కాపాడదు.

ఇక ఊరి సంగతి. ఏకెన్‌లో పాప ఎందుకు ఆనందపడుతుందో నాకు తెలుసు. ఊరి నడిబొడ్డుకు దగ్గర్లోనే కొన్ని వీధులకు ఇప్పటికీ తారు వేయలేదు, గుర్రం డెక్కలకు మట్టే మంచిదని అలాగే ఉంచారు. విస్కీ రోడ్డు దాటేచోట సిగ్నల్ మీట గుర్రం మీద కూర్చున్నవాళ్ల చేతికందే ఎత్తున ఉంటుంది. మొదటిసారి అది నొక్కినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక ఊరు నా గుర్రాన్ని కూడా లెక్కలో వేసుకుందనిపించింది. ఊరి లోపలే హిచ్‌కాక్ వుడ్స్ అనే అడవి ఉంది, దాదాపు 2,100 ఎకరాలు. అందులోకి కార్లు రావు, సైకిళ్లూ రావు. కాలినడకనో గుర్రం మీదో వెళ్లాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా ఉత్తరాది కోటీశ్వరులు చలికాలం గడపడానికి ఇక్కడికొచ్చి గుర్రాలు దింపారు. వాళ్లలో హిచ్‌కాక్ కుటుంబం 1939లో ఈ అడవిలో చాలా భాగాన్ని ఫౌండేషన్‌కు అప్పగించింది. పొడవాటి పైన్ చెట్ల కింద ఇసుకదారిలో గుర్రం నడుస్తుంటే చప్పుడే ఉండదు, జీను తోలు కిర్రుమనడం ఒక్కటే వినపడుతుంది. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆ ఊళ్లో ఉండే హాయి ఎడిసన్‌లో డబ్బిచ్చినా దొరకదు.

మనవాళ్లను కలుపుకుంటారా అని మీరు అడగలేదు కానీ, ఆ భయం మీ మనసులో ఉండే ఉంటుంది. అమెరికా దక్షిణాది కదా, అడిగి తీరాల్సిన ప్రశ్నే. నా అనుభవం చెబుతాను. మొదటి వారంలోనే ముగ్గురు ‘ఏ చర్చికి వెళ్తారు?’ అనడిగారు. అందులో దురుసుతనం లేదు, అక్కడ పలకరింపే అది. ‘మేం గుడికి వెళ్తాం, ఆగస్టాలో ఉంది’ అంటే సరే అన్నారు. పొరుగువాళ్ల గుర్రం గేటు తోసుకుని రోడ్డెక్కినప్పుడు చెప్పుల్లేకుండా పరుగెత్తి పట్టుకున్నాక ఇంకెవరూ ఏమీ అడగలేదు. నవ్వుతూ పలకరించి అక్కడితో ఆగిపోయే ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ నవ్వును స్నేహమనుకుని నేను రెండుసార్లు బాధపడ్డాను.

పాపకు మాత్రం రెండు సంగతులు చెప్పి పంపండి. కెంటకీ డెర్బీ అనే పెద్ద గుర్రపు పందెం మొదటిసారి పెట్టిన 1875లో పదిహేనుమంది జాకీల్లో పదమూడుమంది నల్లజాతివాళ్లు. గెలిచిన ఆలివర్ లూయిస్ కూడా వాళ్లలో ఒకడే. తర్వాత ఐజాక్ మర్ఫీ మూడుసార్లు గెలిచాడు. ఆపైన వాళ్లను ఆ ఆటనుంచి తరిమేశారు. దక్షిణాది గుర్రాల లోకం మొదటినుంచీ తెల్లవాళ్లదేనని ఎవరైనా అంటే పాప దగ్గర జవాబుండాలి. రెండోది పోలో. ఏకెన్‌లో 1882 నుంచీ ఆడుతున్న ఆ ఆట మణిపూర్ సగోల్ కాంగ్జై నుంచి వచ్చిందే. తెల్లదొరలు 1859లో అస్సాంలోని సిల్చర్‌లో క్లబ్బు పెట్టారు, 1876లో ఆ ఆట న్యూయార్క్ చేరింది. ఆ మైదానం అంచున నిలబడ్డప్పుడు పాప పరాయిదాన్నని అనుకోనక్కర్లేదు.

ఏకెన్‌లో గుర్రాల మీద వేటకూ వెళ్తారు, వేటంటే మీ ఇంట్లో ఇబ్బందిపడతారేమో. అక్కడి వేట క్లబ్బు ఏకెన్ హౌండ్స్ వాళ్లది వాసన వేట. ముందుగా ఒకరు దారి పొడుగునా వాసన పులిమి వెళ్తారు, కుక్కలూ గుర్రాలూ ఆ జాడ వెంట పరుగెడతాయి. అక్కడ నక్కను చంపడమనేది ఉండదు. థాంక్స్‌గివింగ్ పొద్దున అడవి గేటు దగ్గర కుక్కలను దీవించే వేడుక జరుగుతుంది, తప్పక చూడండి.

ఎండాకాలం మాట వేరు. నెల్లూరు ఎండలో పెరిగారు కాబట్టి మీరు తట్టుకుంటారు. న్యూజెర్సీలో పుట్టిన గుర్రం తట్టుకోదు. జూలై, ఆగస్టుల్లో ఉక్కపోతకు కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. చెమట లేకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. అలాంటి గుర్రానికి ఫ్యాన్లు, నీళ్ల స్నానాలు తప్పవు, స్వారీ తెల్లారకముందో, అసలు మానేయడమో. దోమలతో మెదడువాపు వస్తుంది కాబట్టి కొన్ని టీకాలు ఏడాదికి రెండుసార్లు వేయిస్తారు. గడ్డిలో నిప్పుచీమలుంటాయి. కోచ్ చూపించే వీడియోలన్నీ మార్చిలో తీసినవే అయ్యుంటాయి, గమనించండి.

నేల సంగతి వినండి. ఏకెన్‌ది ఇసుక నేల. పరుగుకు మెత్తగా బాగుంటుంది, వాన కురిసిన గంటకే ఆరిపోతుంది. కానీ గడ్డి బలంగా ఎదగదు. పదెకరాలుంటే గుర్రం మేసి బతుకుతుందనుకోకండి, ఎండుగడ్డి కొనాలి. ఒక గుర్రానికి రోజుకు ఎనిమిది, పది కిలోలు కావాలి. నేలమీద వేస్తే గడ్డితోపాటు ఇసుక కూడా కడుపులోకి పోతుంది.

మా గుర్రం చుక్కకు అదే జరిగింది. అప్పుడు మా అమ్మ తెనాలి దగ్గరి మా ఊరినుంచి వచ్చి మూడు వారాలైంది. గేదెల మధ్య పెరిగిన మనిషి. సాయంత్రం కంచె దగ్గర నిలబడి, ‘ఇది మేత ముట్టలేదే, మాటిమాటికీ డొక్క వంక చూసుకుంటోంది’ అంది. నేను వంటింట్లో ఉన్నాను, అరగంటలో వస్తానన్నాను. ‘ఇప్పుడే రా’ అని కేకేసింది. వెళ్లేసరికి ముందుకాలితో నేల తవ్వుతోంది. గుర్రానికి వాంతి రాదు, కడుపులో పడ్డది వెనక నుంచే పోవాలి. డాక్టర్ వచ్చి డొక్కకు స్టెతస్కోపు ఆనించి విని, ముక్కులోంచి గొట్టం దింపి నూనె పోసింది. ఇక లద్ది వేసేదాకా కాచుకోవడమే అంది. మా అమ్మ కొట్టం గుమ్మంలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంది. తెల్లవారుజామున నాలుగింటికి ‘వేసిందే!’ అని పిలిచిన పిలుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ లద్దిని బకెట్ నీళ్లలో కలిపి చూస్తే అడుగున ఇసుక పేరుకుంది. అప్పటినుంచి నెలకు కొన్ని రోజులు దాణాలో ఇసబ్‌గోల్ కలిపేదాన్ని, మన ఇళ్లలో మలబద్ధకానికి వాడే ఆ పొట్టే. మా చుక్క మందుతో గట్టెక్కింది. ఆపరేషన్ దాకా వెళ్తే పదివేల డాలర్లు దాటడం మామూలే.

ఈ కథ ఇంత పొడుగ్గా చెప్పింది మీ అత్తగారి కోసం కూడా. ఆవిడకు ఎడిసన్‌లో తోటి పెద్దవాళ్లున్నారు, బ్రిడ్జ్‌వాటర్ గుడి ఉంది. పదెకరాల మధ్య ఇంట్లో పలకరించే మనిషి కనపడరు, కారు లేనిదే కొత్తిమీర కట్ట కూడా రాదు. కొంతమంది పెద్దవాళ్లు అక్కడ నెలలోపే దిగాలుపడిపోతారు. పాడి చూసిన మనిషైతే మా అమ్మలాగా కొట్టమే లోకం చేసుకోవచ్చు. ఆవిడ తరఫున మీరు ఊహించుకోవద్దు, ఆవిడనే అడగండి. ఆవిడ వయసుకు ఆసుపత్రి బెంగ అక్కర్లేదు, ఆగస్టాలో పెద్దవే ఉన్నాయి, మన డాక్టర్లూ ఉన్నారు.

తుపాను గురించి కూడా చెప్పాలి. ఏకెన్ సముద్రానికి దూరం, ఏమీ కాదని మేమూ అనుకున్నాం. 2024 సెప్టెంబర్ 27 తెల్లవారుజామున హెలీన్ వచ్చింది. పైన్ చెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి, హిచ్‌కాక్ అడవిలో దారులన్నీ మూసుకుపోయాయి. మాకు తొమ్మిది రోజులు కరెంటు లేదు. పల్లెలో నీళ్లు మన బోరు నుంచే, బోరుకు మోటారు, మోటారుకు కరెంటు. ఒక్కో గుర్రం రోజుకు నలభై లీటర్లదాకా తాగుతుంది. నాలుగు మైళ్ల అవతల జనరేటర్ ఉన్నవాళ్ల దగ్గరనుంచి డబ్బాల్లో పట్టుకుని, పడిన చెట్ల మధ్యనుంచి కారు తిప్పుకుంటూ తెచ్చాం. మూడోరోజుకు నా చేతులు పైకి లేవలేదు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వంటిల్లు తర్వాత చూడండి, జనరేటర్ ఉందా, బోరుకు కలిపారా అని ముందు అడగండి. మీవారి పనికి ఇంటర్నెట్ కేబుల్ ఆ గేటుదాకా వచ్చిందా అన్నది రెండో ప్రశ్న.

ఒకాలా గురించి ఎక్కువ చెప్పను. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. సున్నపురాయి మీది నేల కాబట్టి గడ్డిలో కాల్షియం ఉంటుంది, పందెపు గుర్రాల పెంపకం అక్కడ నిలదొక్కుకోవడానికి అదో కారణం. 1956లో కెంటకీ డెర్బీ గెలిచిన నీడిల్స్ ఆ ఊరి గుర్రమే. 2021లో వరల్డ్ ఈక్వెస్ట్రియన్ సెంటర్ తెరిచాక పెద్ద పోటీలు చాలా అక్కడికి చేరాయి. గంటన్నర దూరంలో ఓర్లాండోలో మన తెలుగువాళ్లున్నారు. కానీ వేడి ఇంకా ఎక్కువ నెలలుంటుంది, ఇంటి ఇన్సూరెన్స్ బరువు, పైగా ఆ పోటీల వాతావరణంలో పదమూడేళ్ల పిల్ల చేతిలో ఎంత ఖరీదైన గుర్రముందన్నదే లెక్క. నాకైతే పాపను అక్కడికి పంపాలని లేదు.

సొంత గుర్రం దగ్గరికి వద్దాం. గుర్రం ఒంటరిగా బతికే జీవి కాదు, మందలో ఉండాలి. ఒకటి కొన్నారంటే ఇంటి దగ్గర రెండు ఉండాల్సిందే. పాప ఐదేళ్లలో కాలేజీకి వెళ్తుంది, గుర్రం పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. కాలు కుంటిదై స్వారీకి పనికిరాకపోయినా సేవ ఆగదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు ఊరికే అనలేదు. రోజుకు ఇరవై కిలోల పైచిలుకు లద్ది ఎత్తాలి, ఆరేడు వారాలకోసారి డెక్కలు చెక్కించి లాడాలు వేయించాలి. దీపావళి రోజైనా, జ్వరమొచ్చినా, వీసా స్టాంపింగ్ కోసం మీరంతా ఇండియా వెళ్లినా ఇదంతా ఎవరో ఒకరు చేయాలి.

పాపకు సొంత గుర్రం లేకపోతే వెనకబడుతుందని కోచ్ అని ఉండొచ్చు. కాలేజీ జట్ల సంగతి చూడండి. ఏకెన్‌కు గంట దూరంలో కొలంబియాలోని సౌత్ కరోలినా యూనివర్సిటీ, జార్జియా యూనివర్సిటీ, ఆబర్న్, ఇవన్నీ స్వారీ జట్లు నడుపుతున్నాయి. ఆ పోటీల్లో పిల్లలు తమ గుర్రం తెచ్చుకోరు. ఆతిథ్యమిచ్చే కాలేజీ గుర్రాల్లోంచి లాటరీలో వచ్చిన దాన్ని ఎక్కాలి. స్కూలు పిల్లలకు ఐఈఏ అనే స్వారీ సంఘం పెట్టే పోటీల్లోనూ అంతే, న్యూజెర్సీలో కూడా ఆ జట్లున్నాయి. అక్కడ గెలిచేది ముక్కూమొహం తెలియని గుర్రంతో కొద్ది నిమిషాల్లో మాట కలపగలిగిన పిల్ల. అందుకు పది రకాల గుర్రాలు ఎక్కాలి. కాబట్టి ఈ ఏడాది గుర్రాన్ని లీజుకు తీసుకోండి, కోచ్ దగ్గరే బోర్డింగ్‌లో ఉంచండి. ఏకెన్ వెళ్తే పాపకు అలాంటి గుర్రాలు చాలా దొరుకుతాయి, ఆ ఊరి అసలు లాభం అదే. చదువు విషయంలో ఎడిసన్ స్కూళ్లే మెరుగు, ఏకెన్‌లో లెక్కల పోటీలూ డాన్సు టీచర్లూ తగ్గుతాయి. ఆ లోటు పాప తేలిగ్గానే మోస్తుందనుకుంటా.

ఒక్కసారి మీ ఉత్తరం మీరే మళ్లీ చదవండి. మీవారి లెక్కలున్నాయి, కోచ్ నిర్ణయముంది, స్నేహితుడి సలహా ఉంది, పాప కోరిక ఉంది. మీ గురించి ఉన్నది మీ వీసా కాగితం, ప్రీస్కూలు ఉద్యోగం, ‘పాప సంతోషమే నా సంతోషం’ అన్న ముక్క. పొద్దున పాప స్కూల్లో ఉంటుంది, మీవారు మీటింగుల్లో ఉంటారు. పదెకరాల్లో పార పట్టుకునేది మీరే. నేను ఆ పని ఇష్టపడే చేశాను, చలిలో గుర్రం ముక్కులోంచి వచ్చే వెచ్చటి ఊపిరి అరచేతికి తగిలితే ఆ రోజంతా బాగుండేది. మీకూ అలా అనిపిస్తుందో లేదో వెళ్లకముందే తెలుసుకోవచ్చు. పాప ఇప్పుడు వెళ్తున్న బార్న్‌లో అడిగి వచ్చే ఎనిమిది శనివారాలు ఆరింటికల్లా వెళ్లండి. స్టాళ్లు ఊడ్చండి, నీళ్లు మోయండి, దాణా కలపండి. పాపను ఇంట్లో నిద్రపోనివ్వండి. ఎనిమిదో శనివారం తర్వాత నాకు మళ్లీ రాయండి, ఈసారి మీ గురించి.